మూగనోము పట్టిన యంత్రము

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవారికి నిశ్శబ్దమన్న అనుమానము. ఒకప్పుడు ప్రపంచమున అతిదీర్ఘమని పేరుపడిన 1072 మీటర్ల ప్లాట్‌ఫారమును ఈ చివరినుండి ఆ చివరకు నడచినను ప్రకటనల గొంతు వెంట వచ్చుచునే యుండును. యార్డులో షంటింగు చప్పుడు ఒక రాత్రి వినరాకున్న నిద్రలేచి కూర్చుండు ముసలివారిని నేనెరుగుదును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము వైపునుండి పనికై వచ్చి ఇచట స్థిరపడిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. ఇంట తెలుగు, బజారులో బెంగాలీ, పనిచోట హిందీ. మూడింటిమీదను రైలు కూత. అట్టి ఇంటిలో నిరుడు వర్షాకాలమున ఒక కంప్యూటరు పది దినములు మూగనోము పట్టినది.

అది మా అబ్బాయి వదలి వెళ్ళిన యంత్రము. పాత వ్యవస్థ మొరాయించగా, డెబియన్ అను లినక్స్‌ను నేనే ఎక్కించినాను. తెర వెలిగినది, ఇంటర్నెట్ అందినది, తెలుగు అక్షరములు చక్కగా కనిపించినవి. ధ్వని మాత్రము లేదు. ఇతరులకిది చిన్న కొరత. 1984లో మా నాన్నగారు క్యాసెట్టులో మాట్లాడిన నలుబది నిమిషముల మాట ఆ యంత్రములో ఉన్నది. అమ్మకు చూపు పోయినది, చెవి మిగిలినది. చేతిఫోనులో వినిపించబోగా, “ఆ సన్నగొంతు మీ నాన్నది కాదురా” అని ప్రక్కకు తిరిగినది. ఆమెకు కావలసినది బల్లమీది పెద్ద స్పీకర్లనుండి వచ్చు గొంతు.

బజారులో ఒక దుకాణదారుడు మూతయైనను విప్పకుండ, “సౌండ్ కార్డు పోయింది, కొత్తది వేయాలి” అని తీర్పు చెప్పినాడు. నేను రైల్వేలో క్యారేజీ, వాగన్ పనిలో తల నెరసినవాడను. సుత్తితో చక్రమును తట్టి, గణగణ మ్రోగిన మంచిదనియు, బొంగురుపోయిన పగులున్నదనియు చెప్పుట మా విద్య. తట్టకుండ చెప్పినవాని మాట నాకు రుచింపలేదు. వాక్యూమ్ బ్రేకుల దినములలో గొట్టమున గాలి ఎక్కడ చొరబడుచున్నదో తెలియనప్పుడు, లోపము రైలుయొక్క ఏ సగములో నున్నదో ముందు తేల్చుకొనెడివారము. ఇక్కడను ఆ పద్ధతినే పట్టినాను.

లినక్స్‌లో ధ్వని ఒక్క చేతిమీదుగా రాదు. అడుగున కెర్నెల్, అందు కార్డుతో మాట్లాడునది 1998లో యారొస్లావ్ కిసెలా ఆరంభించిన ఆల్సా. ఏ ధ్వని ఏ ద్వారమున పోవలెనో పంచిపెట్టుటకు దానిపై పల్స్‌ఆడియో ఉండెడిది. ఇప్పుడు పెక్కు పంపిణీలలో ఆ పని పైప్‌వైర్‌ది. మనము నొక్కు స్పీకరు బొమ్మ అన్నిటికన్న పైనున్నది. ఎక్కువమంది వెదకునది అక్కడనే.

నేను అడుగునుండి వచ్చినాను. కార్డుల జాబితాను ‘ఏప్లే’ ఆజ్ఞతో అడుగగా రెండు కనిపించినవి. అనగా కార్డు చావలేదు. దుకాణదారుని తీర్పు అక్కడనే కొట్టుకొనిపోయినది. మొదటిది హెచ్‌డీఎంఐ, తెరకు బొమ్మతోపాటు ధ్వనిని గూడ మోసికొనిపోవు దారి. రెండవది స్పీకర్లు తగిలించిన పాత అనలాగ్ దారి. వ్యవస్థ మొదటిదానిని ఎన్నుకొని, స్పీకర్లే లేని తెరకు పది దినములుగా ధ్వనిని శ్రద్ధతో పంపుచున్నది! సెట్టింగులలో దారి మార్చినాను. అయినను పలుకలేదు.

“ఏటిరా, ఇంకా నోరు విప్పలేదా?” అన్నది అమ్మ.

ఒక లోపము దొరికినదన్న సంతోషమున రెండవదానిని మరచుట మా పనిలో నేరము. ఆల్సామిక్సర్ తెరచి, ఎఫ్6 నొక్కి రెండవ కార్డును పట్టుకొన్నాను. లైన్ అవుట్ పట్టీ క్రింద రెండు ఎం అక్షరములు, నోరు మూసినట్లు గుర్తు. ఎం మీట నొక్కగా అవి సున్నాలైనవి; మ్రోత రాలేదు. కుడివైపున ‘ఆటో-మ్యూట్’ అని మరియొకటి ఉన్నది. పెట్టె ముందరి రంధ్రమున హెడ్‌ఫోను గుచ్చినచో వెనుక స్పీకర్లను తానే ఆపివేయు ఏర్పాటు అది. ఆ రంధ్రమున ఏమియు లేదు. కాని లోపలి స్పర్శ చెడి, ఎవరో చెవులకు తగిలించుకొని వినుచున్నారని యంత్రము భ్రమపడినది. లేని శ్రోతకై ఉన్న శ్రోతను కాదన్నది. దానిని డిసేబుల్డ్ చేసినాను.

1991లో లినక్స్‌ను ఆరంభించిన లైనస్ టోర్వాల్డ్స్, దాని పేరెట్లు పలుకవలెనో 1994లో తన గొంతుతోనే చెప్పి పంచిపెట్టినాడు. రెడ్ హ్యాట్ వారి పూర్వపు విడుదలలలో కార్డు అమరినదో లేదో తెలిసికొనుటకు వినిపించినది ఆ మాటయే. నాకు ఆయనతో పని లేకపోయినది. నేరుగా నాన్నగారినే పెట్టినాను.

ముందుగా క్యాసెట్టు బుస. పిదప ఒక దగ్గు. పిదప, “ఇదెక్కడ నొక్కాలి?” అని నాన్నగారి గొంతు, దాని వెనుక, దూరమున, ఆవిరి ఇంజను కూత. అమ్మ మాటాడలేదు. చేయి చాచి తడుముకొని స్పీకరుమీద పెట్టినది. కూత రెండవసారి వచ్చినప్పుడు, “ఇది స్టేషనుది కాదురా, నింపురా యార్డుది. రాత్రి డ్యూటీకి వెళ్ళే వేళ” అన్నది. కొంతసేపటికి, “కొంచెం తగ్గించు, పక్కింటివాళ్ళు లేస్తారు” అన్నది.

ఆయన మాటాడుచుండగానే, అమరికలు చెరిగిపోకుండ ‘ఆల్సాసీటీఎల్ స్టోర్’ అని కొట్టి భద్రపరచినాను.