హైదరాబాద్‌లో ఎక్కడ తినాలని అడిగితే

ఊరికి వచ్చినవాళ్లు ఎక్కడ తినాలని అడిగితే ఠక్కున ఒక పెద్ద హోటల్ పేరు చెప్పేస్తాం. ముందు మనం అడగాల్సింది వాళ్లు ఎక్కడ దిగారు, ఏ వేళకు తింటారు అని. హైదరాబాద్ తిండి వేళను బట్టి నడుస్తుంది: పాతబస్తీలో నహారీ పొద్దున్నే తినాలి, హలీమ్ అసలు సందడి రంజాన్ నెలలో, ఇరానీ చాయ్ ఏ పూటైనా సరే. గచ్చిబౌలిలో దిగినవాళ్లను సాయంత్రం చార్మినార్‌కు పంపితే ఆకలి ట్రాఫిక్‌లోనే చచ్చిపోతుంది.

ఒక్కరోజు ఉండేవాళ్లకు పేరున్న చోటే మేలు కదా అంటారు. నిజమే, పేరు ఊరికే రాదు. కానీ 2019లో ఆహార సంస్కృతికి యునెస్కో గుర్తింపు దక్కింది ఏ ఒక్క బిర్యానీ హోటల్‌కో కాదు, మొత్తం నగరానికి. అందుకే పేరొకటి చెప్పి ఊరుకోకండి. వాళ్లున్న పేటలో, ఆ వేళకు వేడివేడిగా ఏం దొరుకుతుందో చెప్పండి.