బిడియానికి కొలబద్ద

షాంఘై బడిపిల్లల సంగతి ఒకటి మీతో చెప్పాలండీ. షిన్‌యిన్ చెన్ అనే మనస్తత్వ పరిశోధకుడూ ఆయన బృందమూ 1990లో అక్కడి పదేళ్ల పిల్లల్లో బిడియస్తులెవరో, తోటివాళ్లు వాళ్లని ఎలా చూస్తున్నారో ఆరా తీశారు. బిడియపడే పిల్లలంటే క్లాసులో ఇష్టమే, చదువులోనూ బాగానే ఉన్నారు, నాయకత్వమూ వాళ్లకి దక్కుతోంది. 1998లో అదే ఆరా తీస్తే ఫలితం అటూ ఇటూ కాకుండా వచ్చింది. 2002 నాటికి మొత్తం తిరగబడింది. అలాంటి పిల్లల్నే తోటివాళ్లు దూరం పెడుతున్నారు, దిగులూ వాళ్లలోనే ఎక్కువ. ఊరు మారలేదు, వయసు మారలేదు. వ్యాపారాలు పెరిగి, పోటీ ముదిరి, చొరవగా ముందుకు దూకేవాడిదే రాజ్యమైంది.

ఇది చదివాక నాకు ఆ పిల్లల మీద జాలేసింది. పన్నెండేళ్లు ముందు పుట్టుంటే మెప్పు పొందేవాళ్లే కదా!

మరి బిడియాన్ని ప్రశ్నపత్రంతో కొలిచి, ఇన్ని మార్కులు దాటితే జబ్బు అని అన్ని దేశాలకీ ఒకే గీత ఎలా గీస్తాం? నలుగురిలో కలిగే భయాన్ని కొలవడానికి 1987లో మైకేల్ లీబోవిట్జ్ అనే మనోవైద్యుడు పెద్దలకోసం 24 సందర్భాల పట్టిక ఒకటి తయారుచేశాడు. తర్వాత పిల్లలకీ దాన్ని మలిచారు. ఆయన పట్టికలో అంతగా పరిచయం లేనివాళ్ల కళ్లలోకి చూడటం, వాళ్లతో విభేదించడం ఉంటాయి. భయం ఎంత, తప్పించుకోవడం ఎంత అని 0 నుంచి 3 దాకా వేసుకోవాలి. మనింట్లో పద్నాలుగేళ్ల పిల్లకి ఇలాంటి కాగితం ఇచ్చామనుకోండి. కొత్తగా వచ్చిన పెద్దాయన ముందు తల దించుకునే మాట్లాడుతుంది, "పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు" అనే పెంచాం మరి. అది మర్యాదో గుండెదడో కాగితానికెలా తెలుస్తుంది? రెంటికీ అవే మార్కులు పడొచ్చు.

మర్యాదని జబ్బనుకోవడం ఒక పొరపాటైతే, దానికి పూర్తిగా ఎదురు పొరపాటూ ఉంది, నాకైతే అదే ఎక్కువ కష్టంగా తోస్తుంది. జపాన్‌లో తైజిన్ క్యోఫుషో అని ఒక బాధ ఉంది. మోరితా మసతాకే అనే వైద్యుడు గత శతాబ్దం మొదట్లోనే దాన్ని వివరించాడు. నన్ను చూసి నవ్వుతారేమో అన్న భయం కాదది. నా చూపువల్లో, నా ఒంటి వాసనవల్లో, నా మొహం ఎర్రబడటంవల్లో ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారేమో అని కుమిలిపోవడం. "నన్నేమనుకుంటారో" అని మాత్రమే అడిగే ప్రశ్నపత్రంలో ఈ బాధకి చోటేదీ? అలా కుమిలిపోయే పిల్లవాడికి తక్కువ మార్కులొచ్చి, బాగున్నాడని పంపేసే ప్రమాదముంది. అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథంలో, 2013 నాటి అయిదో కూర్పు వచ్చేసరికి, ఇతరులను నొప్పిస్తానేమో అన్న భయాన్నీ ఈ నలుగురిలో భయమనే జబ్బు లక్షణాల్లో చేర్చారు.

కాబట్టి రేపు బడిలోనో ఆస్పత్రిలోనో మీ పిల్లకి ఇన్ని మార్కులొచ్చాయని ఎవరైనా చెబితే, ఆ గీత ఏ దేశపు పిల్లల్ని చూసి గీశారని అడగండి. మన పిల్లలమీద సరిచూశారా అనీ అడగండి. తర్వాత ఆ పిల్లనే, చుట్టూ ఎవరూ లేనప్పుడు, నలుగురిలో కలవాలని ఉండీ కలవలేకపోతోందా అని అడగండి. అవునంటే మార్కులెన్నైనా సరే, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.