కాలువ గట్టు నుండి రేవు దాకా

సముద్రానికి దూరంగా పుట్టినవారు సముద్రాన్ని మొదట పటంలోనే చూస్తారు. నిజామాబాదు జిల్లాలోని వర్ని ప్రాంతపు పిల్లలకూ అంతే. వారికి తెలిసిన నీరు మంజీరా నది నీరు. అది నిజాంసాగర్ తూముల గుండా వచ్చి, పెద్ద కాలువలో పారి, ఉపకాలువలుగా చీలి, చివరకు ఒక మడి గట్టు దగ్గర ఆగుతుంది. ఆ నీటికి ఒక దరి ఉంది, ఒక వంతు ఉంది, ఒక వేళ ఉంది. దరి కనిపించని నీటి మీద, అదీ పెద్ద ఓడలను లాగే చిన్న నౌక మీద, బ్రతుకుతెరువు వెతుక్కోవాలన్న ఆలోచన అటువంటి ఊళ్ళో పుట్టడం వింతగానే తోస్తుంది. కాని ఆ వింతకు కారణాలు ఉన్నాయి. ఆ కారణాల వెనుక ఒక ప్రాంతపు చరిత్ర ఉంది.

మంజీరా మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో ఆ పని సాగింది. కాలువ నీరు రావడంతో బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ పరిసరాల రూపురేఖలు మారిపోయాయి. కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి భూములు కొని సేద్యం ప్రారంభించారు. వారు నివసించిన చోట్లకు నేటికీ 'క్యాంపులు' అనే పేరు నిలిచింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. రుద్రూరులో చెరకు, వరి పంటలపై పరిశోధన కేంద్రం ఏర్పడింది. చెరకు బండి వెనుక నడిచిన తాత, కర్మాగారంలో కొలువు చేసిన తండ్రి, చదువుకున్న కొడుకు – ఈ మూడు తరాల ఆశలూ చాలాకాలం పాటు ఒకే పొగగొట్టం నీడలో పెరిగాయి.

2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. చెరకు వేసిన పొలాల్లో వరి పెరిగింది. కొలువు కోసం ఎదురుచూసిన యువకులు గల్ఫు దేశాల వైపు చూశారు. ఆ దారి ఈ జిల్లాకు కొత్తది కాదు. దాని కష్టం కూడా కొత్తది కాదు. ఇటువంటి చోట ఇంటర్మీడియట్ చదివిన ఒక యువకుడు 'టగ్గు మీద పనికి వెళ్తాను' అంటే, అతడు వేస్తున్న అడుగు ఏమిటో, దాని వెనుక ఎంత సాధన కావాలో ఆలోచించడం అవసరం.

'టగ్' అనే ఇంగ్లీషు మాటకు గుంజడం అని అర్థం. పేరుకు తగినట్టే టగ్గు గుంజుతుంది, అవసరమైతే నెడుతుంది. పెద్ద ఓడ సముద్రంలో వేగంగా సాగుతున్నంత వరకు చుక్కాని మాట వింటుంది. రేవు దగ్గర వేగం తగ్గించగానే చుక్కానికి నీటిపై పట్టు సడలుతుంది. ఓడకు బ్రేకులు ఉండవు. వేల టన్నుల బరువు ఒకసారి కదిలితే ఆగడానికి చాలా దూరం పడుతుంది. దానికి తోడు గాలి ఒక వైపు, నీటి ప్రవాహం మరొక వైపు నెడుతూ ఉంటాయి. అప్పుడు రెండో మూడో టగ్గులు దగ్గరకు చేరి, తాళ్ళు అందుకొని, ఆ మహాకాయాన్ని మెల్లగా గట్టుకు చేరుస్తాయి. చెరకు గడలు నిండిన బండ్లను బురద దారిలో లాగే ట్రాక్టరును చూసినవారికి ఈ దృశ్యం సులువుగా అర్థమవుతుంది. ముందు భాగంలో చోదక యంత్రం ఉండే ఒక రకం టగ్గును నావికులు 'ట్రాక్టరు టగ్గు' అనే పిలుస్తారు.

టగ్గు విలువను దాని పొడవును బట్టి లెక్కించరు. గట్టున ఉన్న బలమైన స్తంభానికి తాడు కట్టి, పూర్తి శక్తితో లాగించి, ఆ లాగుడును టన్నుల్లో కొలుస్తారు. 50, 60 టన్నుల బలంతో లాగే టగ్గులు పెద్ద రేవుల్లో సాధారణం. నేటి టగ్గుల్లో చాలావాటికి అడుగున ఉండే చోదక యంత్రాలు అన్ని దిక్కులకూ తిరుగుతాయి. అందువల్ల టగ్గు ముందుకు, వెనుకకు, పక్కకు కూడా కదలగలదు. నిలిచిన చోటనే చుట్టూ తిరగగలదు.

టగ్గు కథ మొదలైనది సముద్రంలో కాదని తెలిసినప్పుడు వర్ని వంటి ఊరివారికి సంతోషం కలుగుతుంది. 1803లో స్కాట్లాండు దేశంలో 'షార్లెట్ డండాస్' అనే ఆవిరి పడవ రెండు సరుకు పడవలను సుమారు 30 కిలోమీటర్ల దూరం లాగింది. ఆ ప్రయాణం జరిగింది ఒక కాలువలో.

లోతట్టు ప్రాంతంవారికి సముద్రంతో సంబంధం లేదనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకునే పాత ఆచారాన్ని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు ధైర్యం చెప్పాడు. కోట రాతి నేల మీద ఉన్నా, చూపు సముద్రం మీద ఉంది. ఆధునిక కాలంలోనూ అటువంటి ఉదాహరణ ఉంది. 1995లో కొందరు నౌకారంగ నిపుణులు హైదరాబాదు కేంద్రంగా 'ఓషన్ స్పార్కిల్' అనే సంస్థను స్థాపించారు. సముద్రం కనుచూపు మేరలో లేని నగరం నుండి నడిచిన ఆ సంస్థ దేశంలోని అనేక రేవులకు టగ్గులను సమకూర్చింది. 2022లో అదానీ హార్బర్ సర్వీసెస్ కొనుగోలు చేసేనాటికి దానికి తొంభైకి పైగా నౌకలు ఉండేవి.

ఇక మాటల బంధుత్వం మరొకటి ఉంది. నిజాంసాగర్ కాలువ మీద తూము తలుపులు ఎత్తి దించేవానిని లష్కరు అంటారు. ఎవరి వంతు ఎప్పుడో, ఏ తూముకు ఎంత నీరు వదలాలో అతనికి తెలుసు. బ్రిటిషువారి ఓడలలో పనిచేసిన భారతీయ నావికులనూ 'లస్కర్లు' అనే పిలిచేవారు. రెండూ సైన్యం అనే అర్థమున్న ఒకే పారసీ మాట నుండి వచ్చాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన 896 మంది లస్కర్ల స్మారకం 1924 నుండి కలకత్తాలో నిలిచి ఉంది. కాలువ లష్కరూ, కడలి లస్కరూ చేసేది ఒక విధంగా ఒకే పని. నీటి బలాన్ని ఎదిరించకుండా, ఆ బలాన్ని తెలుసుకొని మసలుకోవడమే ఆ పని.

అయినా పోలికలు కడుపు నింపవు. పని దొరకాలంటే పద్ధతి తెలియాలి. సముద్రయాన కుటుంబం కాని యువకునికి ఉన్న దారుల్లో ముఖ్యమైనది ఆరు నెలల జనరల్ పర్పస్ రేటింగ్ శిక్షణ. నిర్ణీత మార్కులతో పదవ తరగతి పూర్తి చేసినవారు, వయోపరిమితికి లోబడి, ఆమోదం పొందిన సంస్థలో ఉండి ఈ శిక్షణ పొందవచ్చు. ఓడపైన తాళ్ళ పని, యంత్రశాలలో సహాయం, ఈ రెండూ అందులో నేర్పుతారు. నీటిలో ప్రాణరక్షణ, మంటలు ఆర్పడం, ప్రథమచికిత్స వంటి ప్రాథమిక శిక్షణలు తప్పనిసరి. ఆ తరువాత 'సి.డి.సి.' అనే నావిక పుస్తకం చేతికి వస్తుంది. గణితం, భౌతికశాస్త్రం చదివిన ఇంటర్మీడియట్ విద్యార్థులకు 2008లో ఏర్పడిన భారతీయ సముద్రయాన విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష ద్వారా అధికారి స్థాయి చదువులు కూడా ఉన్నాయి. నదులు, కాలువలు వంటి లోతట్టు జలాల్లో నడిచే నౌకల సిబ్బందికి వేరే యోగ్యతా పత్రాలు ఉంటాయి. 1917 నాటి పాత చట్టానికి బదులుగా 2021లో వచ్చిన కొత్త చట్టం వాటిని క్రమబద్ధం చేసింది.

వైద్య పరీక్షలో కంటిచూపుకు చాలా ప్రాధాన్యం ఉంటుంది. నౌకకు ఎడమ వైపున ఎర్ర దీపం, కుడి వైపున ఆకుపచ్చ దీపం వెలుగుతాయి. చీకటిలో ఎదుటి నౌక ఎటు పోతున్నదో చెప్పేవి ఆ రెండు రంగులే. వాటి తేడా తెలియనివాడు ఎంత తెలివైనవాడైనా ఆ కాపలాకు పనికిరాడు. శిక్షణకు డబ్బు కట్టకముందే కళ్ళు పరీక్షించుకోవడం వివేకం.

ఇక్కడే మరొక జాగ్రత్త కావాలి. ఏజెంటు మాట నమ్మి అప్పు చేసి విమానమెక్కి మోసపోయినవారి గాథలు గల్ఫు వలసలు ఎరిగిన జిల్లాకు కొత్త కావు. సముద్రపు కొలువుల పేరుతోనూ అటువంటి మోసాలు జరుగుతుంటాయి. నౌకా సిబ్బందిని నియమించే సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు ఉండాలి. వైద్య ధ్రువపత్రం, నావిక పుస్తకం, పాస్‌పోర్టు వంటి వాటి ఖర్చు తప్ప, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని నుండి రుసుము తీసుకోరాదని 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం చెబుతున్నది. ఈ ఒక్క నియమం తెలిసి ఉంటే ఒక కుటుంబం పొలం తాకట్టు పడకుండా మిగులుతుంది.

పత్రాలన్నీ చేతికి వచ్చాక అసలు చదువు మొదలవుతుంది. టగ్గు మీద కొత్తవాడు ఖలాసీ. పైన సరంగు, యంత్రం దగ్గర డ్రైవరు, మధ్యలో అతడు. ఎక్కువమంది ఉండరు, అందరూ ఒకరికొకరు కనిపిస్తూనే ఉంటారు. తాడును చుట్టడం, సన్నని విసురు తాడును ఓడపైకి అందించడం, తుప్పు గీకడం, రంగు వేయడం, అవసరమైతే వంట చేయడం – ఇవి మొదటి పాఠాలు. సముద్రం కదిలితే కడుపు తిప్పుతుంది. కాలువలో ఈదిన నైపుణ్యం ఉంది కదా అని ప్రాణరక్షక చొక్కా విడిచి తిరగడం కుదరదు. రెండు నౌకల మధ్య పడినవానిని ఈత కాపాడలేదు.

కొత్తవాని మొదటి గుణం 'నాకు తెలియదు' అని వెంటనే చెప్పగలగడం. ఓడ మీది పైలట్ ఆజ్ఞను సరంగు రేడియోలో వింటాడు. సరంగు మాటను ఖలాసీ వింటాడు. సగం అర్థమై తల ఊపినవాడు అందరినీ ఆపదలో పడవేస్తాడు. బిగిసిన తాడు తెగితే కొరడా దెబ్బలా వెనక్కు వస్తుంది. దాని దారిలో నిలబడరాదు. చుట్టగా పడి ఉన్న తాడు మధ్యలో కాలు పెట్టరాదు. ఓడ లాగుడు తాడు ద్వారా టగ్గు పక్కకు మళ్ళితే టగ్గు క్షణాల్లో బోర్లాపడవచ్చు. అందుకే తాడును తక్షణం విడిచే ఏర్పాటు ప్రతి టగ్గులోనూ ఉంటుంది. ఏ క్షణంలో బిగించాలో తెలిసినంత స్పష్టంగా, ఏ క్షణంలో వదలాలో తెలియడం ఈ వృత్తి సారం.

ఈ ప్రమాదాలు పుస్తకాలలోని మాటలు కావు. 2021 మే నెలలో తౌక్టే తుఫాను సమయాన ముంబయికి చేరువలోని సముద్రంలో 'వరప్రద' అనే టగ్గు మునిగిపోయింది. అందులోని 13 మందిలో ఇద్దరు మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. 'నీళ్ళ మీద కొలువేంది బిడ్డా, నేల మీద పని దొరకదా?' అని ఒక తల్లి అడిగితే ఆమె అజ్ఞానంతో అడిగినట్టు కాదు. ఆ ప్రశ్నకు గొప్పలతో జవాబు చెప్పరాదు. ఏ నౌక, ఏ సంస్థ, ఎన్ని నెలల పని, ఎన్ని నెలల సెలవు, బీమా ఎంత అన్న వివరాలతో జవాబు చెప్పాలి. అలా చెప్పగలిగిన నాడే ఆ యువకుడు ప్రయాణానికి సిద్ధమైనట్టు.

ఓర్పుతో నిలిచినవానికి ఎదుగుదల ఉంది. అనుభవం, పరీక్షలు కలిస్తే ఖలాసీ సరంగు కాగలడు. యంత్రం వైపు వెళితే డ్రైవరు కాగలడు. రంగం కూడా మారుతున్నది. రేవుల్లో డీజిలు టగ్గులకు బదులు కాలుష్యం తక్కువగా ఉండే టగ్గులను ప్రవేశపెట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2024లో హరిత టగ్గుల కార్యక్రమాన్ని ప్రారంభించింది. బ్యాటరీలు, విద్యుత్తు యంత్రాలు తెలిసినవారి అవసరం రానున్న కాలంలో పెరుగుతుంది. పొలంలో మోటారు విప్పి బాగుచేసిన చేతికి ఆ విద్య పూర్తిగా పరాయిది కాదు.

2021 మార్చిలో 'ఎవర్ గివెన్' అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కొని ఆరు రోజుల పాటు ఆ కాలువ గుండా సాగే ఓడల రాకపోకలను నిలిపివేసింది. అడుగున ఇసుకను తవ్వితీసి, పది టగ్గులకు పైగా కలిసి లాగి నెట్టగా, పోటు నీరు తోడై అది కదిలింది. ఓడ పేరు లోకమంతటికీ తెలిసింది. టగ్గుల పేర్లు గుర్తుంచుకున్నవారు తక్కువ. ఈ వృత్తి స్వభావమే అంత. ఓడ గట్టుకు చేరగానే టగ్గు తాడు విప్పుకొని మరొక ఓడ వైపు సాగిపోతుంది. దానికి హారాలు లేవు, స్వాగతాలు లేవు.

పేరు రాని పనిని పేరున్నంత శ్రద్ధతో చేయడం సేద్యగాని ఇంట పుట్టినవారికి ఎవరూ నేర్పనక్కరలేదు. నీటి వంతు కోసం అర్ధరాత్రి లాంతరు పట్టుకొని కాలువ గట్టున కాపలా కాసిన కుటుంబాలు వర్ని ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటి బిడ్డకు సముద్రం తెలియకపోవచ్చు. మేలుకొని ఉండటం తెలుసు, చెప్పిన వేళకు తూము దగ్గర నిలవడం తెలుసు, పక్క రైతు వంతును గౌరవించడం తెలుసు. మిగిలినది నేర్చుకుంటే వచ్చేదే.