వడపోతలో మిగిలేది

చరిత్ర చదువుకున్నవారికి వడపోత కొత్త విద్య కాదు. కైఫీయతును, శాసనాన్ని, దండకవిలెను ఎదుట పెట్టుకుని ఏది ఆనాటి మాట, ఏది తరువాత చేరిన మాట అని తేల్చుకోవడంతోనే ఆ చదువు మొదలవుతుంది. మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను నమోదు చేసే యంత్రానికీ ఈ ధర్మమే వర్తిస్తుందని నేను తెలుసుకున్నది మాత్రం గ్రంథాలయంలో కాదు. ఉద్యోగరీత్యా మరైగూడ ప్రాంతంలో తిరిగిన రోజులలో ఒక పసిపిల్ల వైద్య పత్రాలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ సంగతి బోధపడింది.

మరైగూడ బస్తరు దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. పాత బస్తరు జిల్లా నుండి 1998లో దంతెవాడ, దాని నుండి 2012లో సుక్మా జిల్లా ఏర్పడ్డాయి. ఈ మధ్యలో 2000లో రాష్ట్రమే మారింది. ఇన్ని మార్పులు జరిగినా సరుకుకూ వైద్యానికీ ఇక్కడి జనం భద్రాచలం వైపు నడవడం మానలేదు. ఇంటిలో కోయ, సంతలో తెలుగు, కచేరీలో హిందీ. బారసూరులో ఛిందక నాగవంశీయుల కాలపు తెలుగు శాసనం, 11వ శతాబ్దానిది, లభించింది. కనుక ఈ నేల మీద తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు.

ఆ పాపకు నాలుగేళ్ళు. తీవ్రమైన జ్వరంలో ఒకే ఒకసారి ఫిట్సు వచ్చింది. ఒక నగరంలోని ఆసుపత్రిలో ఇ.ఇ.జి. తీసి, ‘మూర్ఛవ్యాధి లక్షణాలు కలవు’ అని ఒక్క వాక్యం వ్రాసి ఇచ్చారు. మందులు మొదలయ్యాయి. ఆర్థిక సహాయం కోరుతూ వచ్చిన దరఖాస్తుకు ఆ వాక్యమే ఆధారం. తల్లి అడిగినది మాత్రం సహాయం గురించి కాదు. “సారూ, పిల్లకు ఆ జబ్బు ఉన్నట్టేనా? రేపు పెళ్ళవుతుందా?” అని అడిగింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మూర్ఛను వివాహానికి అడ్డంకిగా పేర్కొన్న మాటను 1999లో తొలగించారు. ఆ చట్టం సాధారణంగా షెడ్యూల్డు తెగలకు వర్తించదు; లోకాపవాదం అన్నది మాత్రం ఏ చట్టపు పరిధికీ లోబడదు. కాగితం మీది ఒక్క వాక్యం ఆ పిల్ల వెంట జీవితమంతా నడవగలదు. అందుచేతనే ఆ వాక్యం ఎలా పుట్టిందో తెలుసుకోవాలనిపించింది.

జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. తల మీద అతికించిన ఎలక్ట్రోడులకు అందే ఈ విద్యుత్తు సాధారణంగా పది మొదలు వంద మైక్రోవోల్టుల వరకు ఉంటుంది. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల వంతు. ఇంత సన్నని స్వరం చుట్టూ ఎంతో రొద ఉంటుంది. చెమట వల్ల గీత మెల్లగా పైకీ కిందికీ జరుగుతుంది. దవడ కండరం బిగిస్తే గీత ముళ్ళకంప అవుతుంది. గోడలోని కరెంటు తీగలు సెకనుకు 50 సార్లు, అనగా 50 హెర్ట్జ్ వేగంతో, తమ కంపనాన్ని కలుపుతాయి. ఈ రొదను తగ్గించేందుకే ఫిల్టర్లు. అడుగు హద్దుకు దిగువన ఉండే మందగతి తరంగాలను తగ్గించేది హై పాస్, పై హద్దుకు ఎగువన ఉండే శీఘ్ర తరంగాలను తగ్గించేది లో పాస్. ఒక్క 50 హెర్ట్జ్‌నే గురిపెట్టేది నాచ్ ఫిల్టరు. వైద్యంలో తరచుగా అడుగు హద్దును 0.5 హెర్ట్జ్ వద్ద, పై హద్దును 70 హెర్ట్జ్ వద్ద ఉంచుతారు.

ఆసుపత్రివారు కాగితంతో పాటు నమోదును సీడీలో కూడా ఇచ్చి ఉండడం ఆ కుటుంబపు అదృష్టం. మరొక నగరంలో నరాల వైద్య నిపుణుడొకరు దానిని కంప్యూటరులో తెరిచారు. ముందుగా కాగితపు మూలన చిన్న అక్షరాలలో ఉన్న అంకెను చూపించారు. పై హద్దు 15 హెర్ట్జ్. గీత శుభ్రంగా కనబడాలని ఎవరో అలా అమర్చారు. ఆయన దానిని 70కి మార్చగానే, మూర్ఛకు గుర్తులని భావించిన కొనలు విడివిడి ముళ్ళుగా, దట్టమైన గుబురుగా మారిపోయాయి. అవి పాప దవడ బిగించినప్పటి కండరపు అలజడి. కండరాల శీఘ్ర కంపనాన్ని 15 వద్ద నరికితే, మిగిలిన భాగం నునుపు తేలి మెదడు తరంగంలా వేషం కడుతుందట. దీనికి విపర్యయమూ ఉన్నది. మూర్ఛకు నిజమైన గుర్తయిన స్పైక్ 20 నుండి 70 మిల్లీసెకన్లు మాత్రమే నిలుస్తుంది. అదే హద్దు దాని కొనను మొద్దుబారుస్తుంది. అడుగు హద్దును అతిగా పెంచితే, మెదడులోని దెబ్బను సూచించగల మందగతి తరంగాలు మాయమవుతాయి. అంటే ఒకే అమరిక లేని రోగాన్ని చూపగలదు, ఉన్న రోగాన్ని దాచగలదు.

శాసనాలకు మసిప్రతి తీసేటప్పుడు ఇదే జరుగుతుంది. తడి కాగితాన్ని రాతికి అదిమి మసి అద్దితే చెక్కిన అక్షరంతో పాటు రాతి పగులు కూడా దిగుతుంది. పగులును అక్షరమనుకుని చేతితో దిద్దితే ప్రతి అందంగా ఉంటుంది గాని, సాక్ష్యంగా పనికిరాదు.

ఆ నిపుణుడు చెప్పిన మరొక విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఫిల్టరు తరంగపు ఆకారాన్నే కాదు, కాలాన్నీ మార్చగలదు. కొన్ని రకాలు ఒక్కొక్క తరంగాన్ని ఒక్కొక్క మేరకు ఆలస్యం చేస్తాయి. సౌష్ఠవం గల ఎఫ్.ఐ.ఆర్. ఫిల్టర్లు అన్నింటినీ ఒకే మేరకు ఆలస్యం చేస్తాయి. నమోదు పూర్తయిన పిమ్మట దానిని ముందుకు ఒకసారి, వెనుకకు ఒకసారి వడగడితే ఆలస్యం రద్దవుతుంది. అయితే అప్పుడు స్పైక్‌కు ముందే దాని అల కొంత కనబడవచ్చు. హద్దు ఎంత నిటారుగా ఉంటే ఈ అల అంత ఎక్కువ. కార్యం కారణానికి ముందు కనబడడమన్నమాట! మూర్ఛ మెదడులో ఏ భాగాన మొదట పుట్టిందో తేల్చవలసిన చోట ఇది చిన్న విషయం కాదు. చరిత్రలో దీనిని కాలవిరోధం అంటాము. రెప్పపాటు వంటివైతే మెదడు మందగతి తరంగాల వేగంలోనే ఉంటాయి కనుక ఏ హద్దూ వాటిని వేరుచేయలేదు. అక్కడ చూసేవారి వివేకమే శరణ్యం.

వైద్యుడు తెరను పక్కకు తిప్పి తల్లిని విచారించారు. “అమ్మా, ఆ రోజు మొదట ఏం చూశారు?” అన్నారు. ఆమె కోయలో చెప్పింది. వెంట వచ్చిన బంధువు తెలుగులో చెప్పాడు. వైద్యుడు ఇంగ్లీషులో వ్రాసుకున్నారు. ఇదీ ఒక వడపోతే. బంధువు ‘పడిపోయింది’ అని ముగించిన చోట ఆమె చేతులు ఆడించి చూపింది. శరీరం రెండు వైపులా ఒకే తీరుగా కొట్టుకున్నదని, అది కొద్ది నిమిషాలలో ఆగిందని, అంతకు ముందే ఒళ్ళు కాలిపోతున్నదని ఆ చేతులు చెప్పాయి. రోగ నిర్ణయానికి మొదటి ఆధారం ఈ కథనమేననీ, ఇ.ఇ.జి. దానికి తోడు మాత్రమేననీ ఆయన అన్నారు. జ్వరంతో వచ్చిన ఫిట్సుగా నిర్ధారించి, మందు ఒక్కసారిగా ఆపరాదని హెచ్చరించి, తన పర్యవేక్షణలో క్రమంగా తగ్గించడానికి ఏర్పాటు చేశారు. సహాయపు దరఖాస్తును ఆ కుటుంబమే వెనక్కు తీసుకున్నది. దారిఖర్చులకు వేరే మార్గం చూడవలసి వచ్చింది.

సిరాకలం కాగితం మీద గీసిన కాలంలో ఫిల్టరు ఎంపిక ఒకసారి జరిగితే తిరుగులేదు. నేడు డిజిటల్ యంత్రం మూల నమోదును విశాలమైన హద్దులతో దాచుకుంటుంది. తెర మీది వడపోతను ఎన్నిసార్లైనా మార్చి చూడవచ్చు. ఈ సౌకర్యం సద్వినియోగం కావాలంటే రెండు పనులు చాలు. నివేదికలో ఫిల్టరు హద్దులను వ్రాయాలి. మూల నమోదును రోగికి ఇవ్వాలి. వీటికి కొత్త భవనం అక్కరలేదు, పెద్ద పద్దు అక్కరలేదు. ఫైలు మీద సంతకం చేసే మాబోటివారికీ ఇందులో ఒక పాఠం ఉన్నది. మన బల్ల మీదికి వచ్చే ప్రతి సంగ్రహమూ ఎవరో వడగట్టినదే. వడపోత లేకుండా ఏదీ వినబడదు, నిజమే. ఏ హద్దు వద్ద వడగట్టారో అడిగే హక్కు మాత్రం కోయ పల్లెలోని తల్లికి కూడా ఉండాలి.