పుస్తకం ఎక్కడ తెరవాలి?

పెద్ద పట్నంలో కాలేజీ పిల్లల బతుకెలా ఉంటుందంటే మనవాళ్లు ముందుగా అద్దెలూ ఫీజులూ బస్సు చార్జీలూ ఏకరువు పెడతారు. నేనైతే ఒక్కటే అడుగుతాను. రాత్రి తొమ్మిదయ్యాక కాలేజీకెళ్లే పిల్ల పుస్తకం పట్టుకుని ఎక్కడ కూర్చుంటుంది?

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, మన పద్మశాలీల పేటల్లో ఇది తేలిగ్గా తేలే సంగతి కాదండీ. సాఖర్ పేట, అశోక్ చౌక్ సందుల్లోకి వెళ్లి చూడండి. గోడకు ఇవతల వంటిల్లు, అవతల సాంచాలు, అంటే మరమగ్గాలు. షిఫ్టు మారి మనిషి ఇంటికెళ్తాడు గానీ సాంచా ఆగదు. ఇంట్లో అమ్మ ఒళ్లో చాట. తునికాకు కత్తిరించాలి, తంబాకు పొయ్యాలి, చుట్టాలి, దారం కట్టాలి, వెయ్యి బీడీలు లెక్కగా కార్ఖానాలో అప్పజెప్పాలి. కాలేజీ నుంచి వచ్చిన కూతురు చేతులతో బీడీ కట్టలు కడుతూ, ముందు తెరిచిపెట్టుకున్న నోట్సు చదువుకుంటుంది. పేజీ తిప్పాలంటే మోచెయ్యే గతి! ఇక నీళ్లొచ్చే రోజైతే ఆ చదువూ ఉండదు. కొన్ని రోజులకోసారి వచ్చే కొళాయి పరీక్షల టైంటేబుల్ చూసుకుని రాదు కదా.

చదువు చెప్పేవాళ్లు లేకనా? ఉన్నారు. కుచన్ ప్రశాల అనే బడి ఉంది, ఆడపిల్లలకు బుర్లా కాలేజీ ఉంది. 2004లో ఈ ఒక్క జిల్లా కోసమే యూనివర్సిటీ కూడా వచ్చింది. లేనిదల్లా నిశ్శబ్దం. అది మాత్రం డబ్బిచ్చి కొనుక్కోవాలి. అభ్యాసిక అని అద్దె చదువుల గదులున్నాయి. అందులో నెలకింతని కడితే చెక్క అడ్డాల మధ్య ఒక కుర్చీ, తల మీద ఫ్యాను, ఫోనుకు ప్లగ్గు. బీడీల డబ్బులో కొంత అటు పోతుంది.

పుణె వెళ్తే బాగుపడరా అంటారేమో. హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. కాకపోతే అక్కడ ‘కాట్ బేసిస్’ అని గది కాకుండా మంచం అద్దెకిస్తారు. అమ్మ కట్టిచ్చిన కడక్ రొట్టెలు, పల్లీల చట్నీ రెండో రోజుకే గదిలోవాళ్ల పాలు.

పోనీ, పేట వదిలి కొత్త ఇంటికి మారితే? కార్మిక నాయకుడు ఆడం మాస్టారు ఏళ్ల తరబడి పోరాడితే ఊరి బయట కుంభారి దగ్గర రాయ్‌నగర్ కాలనీ లేచింది. 2024 జనవరిలో పదిహేను వేల ఇళ్ల తాళాలు కార్మికుల చేతికొచ్చాయి. అక్కడ పక్కగోడ అవతల సాంచా మోత లేదు, నిజమే. కానీ ఈ పిల్లలు చదివే కాలేజీలు ఎక్కువగా ఊళ్లోనే ఉండిపోయాయి.

నాదో మాట, కోపం తెచ్చుకోకండి. శ్రావణ పున్నమికి మన కులదైవం మార్కండేయ స్వామి రథోత్సవమంటే చందాకు మన చెయ్యి వెనకాడదు. అందులోంచే పేటకో చదువుల గది తెరిచి, కరెంటు బిల్లు కట్టలేమా? స్వామి ఏమీ అనుకోడు లెండి. ఆయనా పదహారేళ్ల కుర్రాడే!