మా వాడి విమానం, రివెట్లు, ప్రైమరు సంగతి



అమెరికా నుంచి వచ్చి నెల దాటింది. వచ్చిన దగ్గర్నుంచి వేరుశనగ పనుల్లో పడిపోయి పేజీలో ఏమీ రాయలేదు. ఈలోపు చాలామంది ఒకటే అడుగుతున్నారు, "మీ అబ్బాయి ఇంట్లో విమానం కడుతున్నాడంట, నిజమేనా?" అని. నిజమేనండీ. బొమ్మ కాదు, డ్రోను కాదు. నలుగురు కూర్చుని ఎగిరే విమానం. కారు షెడ్డులో కడుతున్నాడు. నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ పనిలో నేనూ ఒక చెయ్యి వేశాను. పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి. మందులు పిచికారీ చేసే మనలాంటి వాళ్ళకి పనికొచ్చే మాట కూడా ఒకటుంది మధ్యలో.

ముందు అదెలా కుదురుతుందో చెప్తా. అమెరికాలో మనిషి తన విమానం తనే కట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే పనిలో సగానికి మించి కట్టుకునేవాళ్ళే చెయ్యాలి. అదీ నేర్చుకోవడానికో, సరదాకో అయ్యుండాలి. ఇలాంటివాళ్ళ కోసం కిట్లు అమ్మే కంపెనీలున్నాయి. ఆరెగాన్ రాష్ట్రంలో అరోరా అనే ఊళ్ళో వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అని ఒకటుంది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు 1972లో మొదలుపెట్టాడు. వాళ్ళ కిట్లతో కట్టిన విమానాలు ఇప్పటికి 10,000 పైనే ఎగిరాయి. మా వాడు కట్టేది ఆర్వీ-10. ముందు తోక కిట్టు కట్టుకుంటారు, తర్వాత రెక్కలు, ఆ తర్వాత మొండెం, చివర్న మిగతా సామాను. ఇంజను, ఫ్యాను వేరే కొనుక్కోవాలి. మొత్తం సుమారు 2,000 గంటల పని అంటారు. ఖరీదు మాత్రం అడక్కండి, నేనూ అడగలేదు.

మా వాడు డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తాడు. చిన్న విమానం నడిపే లైసెన్సు ఉంది. నేను వెళ్ళేసరికి తోక పని జరుగుతోంది. షెడ్డులో బల్లల నిండా రేకులు. అర మిల్లీమీటరు, మహా అయితే ముప్పావు మిల్లీమీటరు మందం. చేత్తో పట్టుకుంటే అట్టముక్కలా ఊగుతోంది. దీంతో గాల్లోకి వెళ్తారా అని నాకు గుండె జారింది.

"వెల్డింగు ఎందుకు చెయ్యవురా?" అని మొదటి రోజే అడిగా. ఇది వంటగిన్నెల అల్యూమినియం కాదంట. 2024 అని రాగి కలిపిన రకం. కాల్చి, చల్లార్చి బలం ఎక్కించి పంపిస్తారు. వెల్డింగు సెగ తగిలితే ఆ చుట్టుపక్కల ఎక్కించిన బలమంతా దిగిపోతుంది. అందుకని రేకుని రేకుకి, రేకుని లోపలి పక్కటెముకలకి రివెట్లతోనే కలుపుతారు. అంగుళానికో అంగుళంన్నరకో ఒకటి చొప్పున, వేలల్లో.

ఇక ప్రైమరు దగ్గరికి వద్దాం. మాకు గొడవ వచ్చింది ఇక్కడే.

ఆ రేకుకి రెండు పక్కలా స్వచ్ఛమైన అల్యూమినియం పల్చటి పొరలా అంటించి ఉంటుంది. ఆల్‌క్లాడ్ అంటారు. లోపలిది బలానికి, పైపొర తుప్పు నుంచి కాపాడటానికి. అల్యూమినియానికి తుప్పు ఎర్రగా రాదు, తెల్ల బూడిదలా తేలుతుంది. మా వాడి వాదన ఏంటంటే, ఆ పొర చాలు, ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది, పాతకాలం చిన్న విమానాలు ఎన్నో లోపల ప్రైమరు లేకుండానే ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఇప్పటికీ ఎగురుతున్నాయి, ప్రైమరు వేస్తే బరువు పెరుగుతుంది, వేయకపోతే నెలలు కలిసొస్తాయి అని. వాడి మాటలో అబద్ధం లేదు. కట్టేవాళ్ళలో ఎంతోమంది అలాగే వేయకుండా కడతారు.

నా మాట వేరు. మాది బాపట్ల వైపు, సముద్రం గాలి తగిలే ఊరు. మోటారు స్టార్టరు పెట్టె నాలుగేళ్ళలో జల్లెడ అవడం చూస్తూనే ఉంటాం. జీఐ రేకు చూడండి, మధ్యలో మెరుస్తూనే ఉంటుంది, తుప్పు మొదలయ్యేది కోసిన అంచు దగ్గర, మేకు కొట్టిన చోట. ఎందుకంటే పూత తెగింది అక్కడే. "నీ రేకుకి కూడా కోసిన అంచులున్నాయి, వేల బెజ్జాలున్నాయి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోట చెమ్మ చేరితే ఆరేదెట్లా? నువ్వు జీవితాంతం ఈ పొడి ఊళ్ళోనే ఉంటావని రాసిచ్చావా? రేపు సముద్రం పక్కన ఉద్యోగం వస్తే విమానాన్ని ఇక్కడే వదిలేసి పోతావా?" అన్నాను.

వాడు రెండు రోజులు మాట్లాడలేదు. నేనూ కెలకలేదు. మూడో రోజు ఒక ఉపమానం చెప్పా. వేరుశనగ గింజకి మాంకోజెబ్ పట్టించి విత్తుతాం కదా, విత్తనశుద్ధి. అది విత్తే ముందు చెయ్యాల్సిన పని. మొలకెత్తాక కుళ్ళు కనపడితే అప్పుడు పోయి గింజకి మందు పట్టించలేం. ఇదీ అంతే. రివెట్టు వేసి మూసేశాక లోపలికి చెయ్యి పోదు. అది వాడికి ఎక్కింది. చివరికి మధ్యేమార్గం కుదిరింది. రేకులు ఒకదాన్నొకటి తాకే చోట్లు, అంచులు, లోపలి పక్కటెముకలు, దూలాలు వీటికి మాత్రం ప్రైమరు. మిగతా రేకు లోపలి మధ్యభాగం వదిలేశాం. బరువూ కలిసొచ్చింది, టైమూ కలిసొచ్చింది.

ప్రైమరు వేయడం నిమిషాల పని, దానికి ముందు పనే రోజులు. డ్రిల్లు కొట్టిన ప్రతి బెజ్జం చుట్టూ సన్నగా గరుకు లేస్తుంది, అది తీసేయాలి. అంచులు వేలు తెగకుండా నునుపు చెయ్యాలి. ఎందుకంటే పగులు మొదలయ్యేది ఆ గరుకు దగ్గరే. పైన రివెట్టు తల రేకుతో సమంగా కూర్చోవాల్సిన చోట బెజ్జాన్ని చిన్న గుంటలా నొక్కాలి. ఇదంతా అయ్యాక రేకుని గరుకు పీచుతో సబ్బునీళ్ళు పెట్టి రుద్ది కడగాలి. కడిగింది శుభ్రమో కాదో తెలుసుకోవడం నాకు భలే నచ్చింది. నీళ్ళు పోసి నిలబెడితే రేకంతా ఒకే పొరలా తడి నిలవాలి. చేమాకు మీద బొట్టులాగా నీళ్ళు ముత్యాలు కట్టాయంటే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టు. మళ్ళీ రుద్దాలి. ఆరాక అసిటోను గుడ్డతో తుడిచి, ఆ తర్వాత చేతితొడుగు లేకుండా తాకకూడదు. వేలి జిడ్డు చాలు, పూత పట్టు తప్పడానికి.

ప్రైమరు రెండు డబ్బాలుగా వస్తుంది. కలిపాక కొన్ని గంటల్లో వాడేయాలి, లేకపోతే గట్టిపడి పారబొయ్యడమే. పల్చగా, కింద లోహం మసగ్గా కనపడేంత వేస్తే చాలు. మందంగా వేస్తే బరువు, పైగా పెచ్చులూడుతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాట. స్ప్రే గన్ను ముట్టుకునే ముందు మా వాడు నా మొహానికి రెండు పక్కలా డబ్బీలున్న మాస్కు బిగించాడు. అద్దం వేరే. గాలి లోపలికి దూరుతుందేమో చేత్తో మూసి పీల్చి చూపించమన్నాడు. రెండు రేకు ముక్కలకి రంగు కొట్టడానికి ఇంత అవసరమా అంటే, "నాన్నా, మీరు పొలంలో కొట్టేది దీనికన్నా విషం" అన్నాడు. నేను మళ్ళీ మాట్లాడలేదు. ఆలోచించండి. మన దగ్గర మూతికి తువ్వాలు కట్టుకుని ఎదురుగాలికి మందు కొడుతుంటారు. తువ్వాలు తుంపర్ని కొంత ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. ఆ డబ్బీల్లో ఉండే బొగ్గు ఆవిరిని పట్టుకుంటుంది. పని అయ్యాక మాస్కుని గాలి చొరని కవర్లో పెట్టాలి. బయట వదిలేస్తే ఆ బొగ్గు ఊరికే గాలిలోవన్నీ పీల్చుకుని అయిపోతుంది. వచ్చేటప్పుడు మా వాడు నాలుగు మాస్కులు పెట్టెలో పెట్టాడు. మా ఇంట్లోకి, మా దగ్గర మందు కొట్టే కుర్రాళ్ళకి. వాళ్ళు మొదట నవ్వారు. ఇప్పుడు అది లేకుండా ట్యాంకు ఎత్తట్లేదు.

ఇక రివెట్లు. ముందు రేకుల్ని బెజ్జాల్లో స్ప్రింగు పిన్నులతో బిగిస్తారు, క్లీకోలంటారు, మనం బట్టలకి క్లిప్పులు పెట్టినట్టు. వెండిరంగువి చిన్న బెజ్జానికి, రాగిరంగువి పెద్ద బెజ్జానికి. తర్వాత ఒక్కో క్లీకో తీస్తూ ఒక్కో రివెట్టు వేస్తూ పోవాలి. బయట నుంచి ఒకరు గాలితో నడిచే గన్నుని రివెట్టు తలకి ఆనించి కొడతారు. లోపల వైపు ఇంకొకరు బరువైన దిమ్మె పట్టుకోవాలి. టంగ్‌స్టన్ దిమ్మె, సీసం కన్నా బరువు, అరచేతిలో ఇమిడేంత ఉండి కిలో పైన తూగుతుంది. దాంతో కొట్టేదేమీ లేదు, ఊరికే ఎదురు నిలబడటమే. తల మీద గన్ను దెబ్బ, వెనక దిమ్మె బరువు, మధ్యలో రివెట్టు తోక నలిగి బొత్తాంలా పరుచుకుంటుంది. బెజ్జంలో ఉన్న కాడ కూడా లావెక్కి సందు లేకుండా నిండుతుంది. బలం అక్కడుంది.

దిమ్మె నా చేతిది. ఈ పనికి ఒకప్పటి గూడ వేయడం గుర్తొచ్చింది నాకు. చిన్నప్పుడు మా నాన్నా నేనూ చెరో పక్క తాళ్ళు పట్టుకుని కాలవ నీళ్ళు చేలోకి ఎత్తేవాళ్ళం. ఒకరు ముందు లాగినా, ఒకరు వెనకపడ్డా గూడ తిరగబడుతుంది. ఇక్కడా అంతే. దిమ్మె ఆనకముందే గన్ను మోగితే రేకు సొట్టపోతుంది. చెవులకి రక్షణ పెట్టుకుంటాం కాబట్టి మాటలు వినపడవు. దిమ్మె ఆనించి నేను రెండుసార్లు తడితే వాడు కొట్టాలి, అదీ మా లెక్క. వాడికి నా చెయ్యి కనపడదు, నాకు వాడి గన్ను కనపడదు. మధ్యలో రేకు. ఉద్యోగానికి వెళ్ళిన పదేళ్ళలో ఫోన్లో ఐదు నిమిషాలకి మించి మాట్లాడుకోని మేము రోజుకి నాలుగు గంటలు అలా నిలబడ్డాం. మాట్లాడుకోలేదు అప్పుడు కూడా. అవసరం రాలేదు.

కొలత చాలా ముఖ్యం. నలిగిన తోక వెడల్పు కాడ లావుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి, ఎత్తు సగం ఉండాలి. కాడ 3.2 మిల్లీమీటర్లయితే వెడల్పు 4.8, ఎత్తు 1.6. తక్కువ కొడితే పట్టు ఉండదు. ఎక్కువ కొడితే లోహం దెబ్బలకి బిరుసెక్కి పెళుసవుతుంది. వంకరగా పడుకున్నా, రేకుల మధ్య సందున్నా అది పనికిరాదు. తల మధ్యలో జాగ్రత్తగా డ్రిల్లు పెట్టి తల విరగ్గొట్టి కాడని వెనక్కి తోసేయాలి. అయితే ఒక్కోసారి తీసే కంగారులో బెజ్జం పెద్దదైపోతుంది. అందుకని కొద్దిగా తేడా ఉన్న రివెట్టుని అలాగే ఉంచడమే మంచిదంట. ఏది తియ్యాలో, ఏది ఉంచాలో చూసి చెప్పడానికి విమానాలు కట్టిన అనుభవమున్న ఒక పెద్దాయన డబ్బు తీసుకోకుండా వచ్చి చూసిపోయేవాడు. అక్కడి సంఘంలో ఆ ఏర్పాటు ఉంది. మేం వేసిన వాటిలో ఆయన తీయించినవి పదకొండు. నేను లెక్కపెట్టుకున్నా.

ఇదిలా ఉండగా ఒక రాత్రి మా ఆవిడ ఫోను చేసింది. గేదెలు, మా అమ్మ ఉన్నారని తను అమెరికా రాలేదు. "ఏవండీ, పాపని కూడా దాంట్లో ఎక్కిస్తాడంట. వాణ్ణి అడిగితే ఏం కాదులే అమ్మా అంటాడు. మీరు దగ్గరుండి చూశారుగా. గట్టిదేనా? మీరు గట్టిదంటే నేనింక ఆ మాట ఎత్తను" అంది. పాపకి నాలుగేళ్ళు.

వెంటనే జవాబు చెప్పలేకపోయా. రేపు చెప్తానని పెట్టేశా. షెడ్డులోకెళ్ళి, పూర్తయిన తోక భాగంలోకి టార్చి వేసి చూశా. ఆకుపచ్చ ప్రైమరు, వరసగా నా దిమ్మె కింద నలిగిన బొత్తాలు. ఒక్కోదాని మీద వేలు పెట్టి తడిమా. అవన్నీ కొలతలో ఉన్నాయని నాకు తెలుసు. రెక్కలు, మొండెం, ఇంజను గురించి నాకు తెలియదు, అవింకా పెట్టెల్లోనే ఉన్నాయి.

తెల్లారి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పా. "నా చెయ్యి పడ్డంతవరకు గట్టిది. మిగతాది వాడు కట్టాక ప్రభుత్వం తరఫు మనిషి వచ్చి చూసి కాగితం ఇస్తాడు. అప్పుడు కూడా ఇంజను, ఫ్యాను జతని బట్టి 25 గంటలో 40 గంటలో పరీక్షగా ఎగరాలి, ఆ గంటల్లో పాప లాంటి ప్రయాణికుల్ని ఎక్కించడానికి వీల్లేదు. తలుపు దగ్గర ఇది ప్రయోగాత్మకం అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి కూడా. అవన్నీ అయ్యాక ముందు నేను ఎక్కుతా. నేను దిగాక పాప సంగతి నువ్వు చెప్పు" అన్నా.

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "మీరు ఎక్కే రోజు మాత్రం నాకు ముందు చెప్పకండి" అని పెట్టేసింది. గట్టిదని నేను అనలేదు, వద్దని తను అనలేదు. ఇంకా టైముంది.

ఇప్పుడు రెక్కల పని మొదలైంది. దిమ్మె కోడలు పడుతోంది. ఆదివారం వీడియో కాల్లో షెడ్డు చూపిస్తారు. మొన్న గన్ను ఒకచోట కాస్త ఎక్కువసేపు మోగింది. "ఆ రివెట్టు ఒకసారి కొలిచి చూడరా" అన్నా. కొలిచాడు. ఎత్తు తక్కువొచ్చింది. తీసి మళ్ళీ వేశారు.

ఏమైనా అడగాలంటే కింద అడగండి, తెలిసినంతలో చెప్తా. మాస్కు సంగతి మాత్రం మర్చిపోకండి. ఉంటాను.