రాత్రి కారు వీధిలో ఉండకూడదట!

భోజనానికొచ్చిన భార్యాభర్తలు ఇంకా పెరుగన్నం దగ్గరే ఉన్నారు. బయట మంచు పడుతోందని రాత్రికి ఉండిపొమ్మన్నాం. ఇంతలో మా అమ్మాయి గడియారం చూసి, "అన్నయ్యగారూ, పడుకునే ముందు మీ కారు వీధిలోంచి తీసి మా వాకిట్లో పెట్టెయ్యండి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. కంచం ముందున్న మనిషితో అనే మాటేనా? మీరైనా అలాగే అనుకుంటారు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సులోకి పొడుచుకొచ్చిన కీవినా అనే నేల అది. ఒకప్పుడు రాగి గనులతో వెలిగిన పల్లెలు, చిన్న చిన్న ఊళ్ళు. చలిగాలి సరస్సు మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, గట్టెక్కగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఏడాదికి 200 అంగుళాలంటే అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. 1978-79 చలికాలంలో ఏకంగా 390.4 అంగుళాలు పడింది. ఆ కొలత చూపించే స్తంభం రోడ్డు పక్కన నిలబెట్టారు. 32 అడుగుల పైమాటే! మెడ వెనక్కి వాల్చి చూడాల్సిందే.

ముందు పెద్ద ఇనుప రేకు బిగించిన లారీలు ఆ మంచుని పక్కలకి తోసేస్తాయి. ఊరంతా నిద్రపోయే వేళే వాటికి పని వేళ. వీధిలో ఒక్క కారున్నా దాన్ని తప్పుకుని పోవాలి, ఆ చుట్టూ మంచు గుట్టలా మిగిలిపోతుంది. పైన మంచు కప్పేస్తే అది కారో, మంచు కుప్పో డ్రైవరుకి ఏం తెలుస్తుంది? అందుకే అక్కడి ఊళ్ళలో చలికాలం నెలల్లో అర్ధరాత్రి దాటాక వీధిలో కారు ఉంచనివ్వరు. వేళలు ఊరికో తీరు. కాదని ఉంచితే జరిమానా, ఒక్కోసారి కారునే లాక్కుపోతారు. ఆ ఖర్చూ మనదే.

మా అమ్మాయికప్పుడు తొమ్మిదో నెల. ఏ రాత్రి నొప్పులొస్తాయోనని నేను కునుకు తీయడం లేదు. తెల్లవారుజామున లారీ చప్పుడైతే కిటికీ దగ్గరకెళ్ళాను. దీపాలు తిప్పుకుంటూ వచ్చి, ఆగకుండా ఆ కొస దాకా తోసుకుపోయింది. ఆసుపత్రికి దారి ఉంది! అప్పుడర్థమైంది నాకు, పిల్ల మర్యాద తప్పలేదని.

పొద్దున్నే ఉత్సాహంగా పార పట్టుకుని వాకిలి శుభ్రం చేసి, మంచు వీధిలోకి విసరబోయాను. "అమ్మా, అలా వెయ్యకూడదు, చట్టం ఒప్పుకోదు!" అని అరిచింది. మన మంచు మన పెరట్లోనే పోసుకోవాలట. అలాగే పోశాను. ఇంతలో లారీ మళ్ళీ వచ్చి వాకిలి మొదట్లో మోకాలెత్తు గట్టు పోసి పోయింది. ఇల్లు తడిగుడ్డ పెట్టగానే బురద కాళ్ళతో ఎవరో నడిచినట్టు ప్రాణం ఉసూరుమంది.

అమ్మాయి పురిటికి చలికాలంలో అలాంటి ఊరు వెళ్తున్నారా? వంటకి ముందే అడగండి, వచ్చేవాళ్ళ కారుకి వాకిట్లో చోటుందా అని. మా అతిథులు ఆ రాత్రి కారు మార్చి, జుట్టు నిండా మంచుతో లోపలికొచ్చారు. మిగిలిన మిరియాల చారు వేడిచేసి గ్లాసుల్లో పోసిచ్చాను.